మరిడమ్మ తిప్పని కుండ

అనగనగా అనగానే ముందు ఒక సముద్రం కనిపించాలి మీకు. కనిపించిందా? ఆ సముద్రం నడిమధ్యన ఒక దీవి. పైన కొబ్బరాకుల పచ్చదనం, కింద తెల్లని ఇసుక, చుట్టూ ఉప్పునీళ్ళు. దాని పేరు గవ్వలదీవి. దాన్ని ఏలే రాజు పేరు ఉదయసేనుడు.

ఉదయసేనుడు చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, రాజు పొరపాటు చేశాడనగానే మీరు ఆయనకు కోరలు పెట్టేస్తారు. ఆయన ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మంచి కబురంటే ఆయనకు ఇష్టం. అందుకని అందరూ ఆయన చెవిన మంచి కబుర్లే వేసేవారు. అంతే.

ఆ దీవిలో ఒక ఆచారం ఉండేది. పున్నమి వచ్చినప్పుడల్లా పొద్దున్నే రాజు సముద్రపొడ్డున మండపంలో కూర్చోవాలి. ఎవరికి ఏ సందేహం ఉన్నా వచ్చి అడగవచ్చు. అడిగేవారు ఒక ఖాళీ కుండ తెచ్చి రాజు ఎదుట బోర్లించాలి. జవాబు దొరికాక "అందింది ప్రభూ" అని తమ చేత్తో తామే ఆ కుండను తిప్పి నిలబెట్టాలి. కుండ బోర్లా ఉన్నంతసేపూ రాజు ఆసనం దిగకూడదు. కోటలో పొయ్యి వెలగకూడదు.

దీవిని మొదట ఏలిన రాజు పెట్టిన నియమం అది. ఎంత తెలివైన నియమమో చూశారా? ఆకలేస్తే ఎవరికైనా నిజం త్వరగా గుర్తొస్తుంది.

కానీ గవ్వలదీవి వాళ్ళు మహా మర్యాదస్తులు. చుట్టాలింట్లో కూర మాడిపోయినా "బాగుందండీ" అంటాం చూడండి, అలాంటి మర్యాద. రాజో మంత్రులో నోరు తెరిచి మూయగానే, వాళ్ళు ఏం చెప్పారో చూసుకోకుండా కుండ తిప్పేసేవారు. తిప్పకపోతే రాజుగారిని పస్తు కూర్చోబెట్టినట్టు కాదూ? అలా తాతల కాలం గడిచింది, తండ్రుల కాలం గడిచింది. పొద్దెక్కేదాకా బోర్లా ఉన్న కుండ ఒక్కటీ లేదు.

ఇదీ ఆచారం. బాగా గుర్తుపెట్టుకుని, ఇప్పుడు నాతో తూర్పుపల్లెకు రండి.

తూర్పుపల్లె దీవికి ఆ చివరన ఉంటుంది. అక్కడ మరిడమ్మ అనే ఆమె ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. ఒకరోజు అన్నానికి కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని కోడలి వైపు చూసింది.

"ఏమే నూకరత్నం, పప్పు ఉడకబెట్టావా, గులకరాళ్ళు వేయించావా?"

"నన్నంటావేం అత్తా? పొద్దుటి నుంచీ ఉడుకుతూనే ఉంది. కావాలంటే నీళ్ళనడుగు!" అంది కోడలు, గరిటె టక్కున పెట్టి.

కోడలు కోపంతో అన్న మాటే. కానీ మరిడమ్మ లేచి వెళ్ళి నిజంగానే నీళ్ళు చేతిలోకి తీసుకుని నాలుక మీద వేసుకుంది. ఉప్పగా ఉన్నాయి.

అవి చెలమ నీళ్ళు. చెలమ అంటే తెలుసు కదా? ఇసుకలో చేత్తో గుంట తవ్వితే అడుగున నీరు ఊరుతుంది. అదే చెలమ. చుట్టూ సముద్రం ఉన్నా తూర్పుపల్లె చెలమల్లో ఎప్పుడూ తియ్యటి నీళ్ళే ఊరేవి. ఎందుకు ఊరేవి? ఎవరూ అడగలేదు. ఊరుతున్నప్పుడు ఎవరు అడుగుతారు?

ఇప్పుడు ఆ నీళ్ళు ఉప్పెక్కాయి. రోజురోజుకీ ఇంకాస్త. పసిపిల్లలు పాలు తాగి నీళ్ళు ఊసేస్తున్నారు. ఆవులు తొట్టి దగ్గరకు వచ్చి, వాసన చూసి, తల తిప్పుకుంటున్నాయి. కొన్ని ఇళ్ళవాళ్ళు అప్పుడే పడవెక్కి అవతలి నేలకు వెళ్ళిపోయారు.

మరిడమ్మ అన్న అప్పలకొండకు పెద్ద పడవ ఉంది. అతను చెల్లెలి వాకిట్లోకి వచ్చి తేల్చి చెప్పేశాడు.

"పున్నమి దాటాక మనమూ కదులుదాం మరిడీ. సామాను కట్టుకో. తాగే నీళ్ళు లేనిచోట ఎన్నాళ్ళుంటాం?"

మరిడమ్మ ఖాళీ ఇళ్ళ వైపు చూసింది. పల్లె మొత్తం పడవెక్కితే ఇక తూర్పుపల్లె అనే పేరు ఉండదు.

"వెళ్ళేముందు ఒక్కమాట రాజుగారిని అడిగొస్తాను అన్నయ్యా."

"అడిగితే? ఆయనొచ్చి నీకు నీళ్ళు తోడిపెడతారా?"

"తోడక్కర్లేదు. ఎందుకిలా అయిందో చెబితే చాలు. అది తెలియకుండా వెళ్ళిపోతే నాకు అవతల నిద్ర పట్టదు."

అప్పలకొండ నవ్వాడు. "నీకు చిన్నప్పట్నుంచీ అంతే. గాలిపటం తెగితే ఏడవకుండా, ఎక్కడ తెగిందా అని దారం చూసేదానివి."

పున్నమి వచ్చింది. మరిడమ్మ చంకన ఖాళీ కుండ, చేతిలో ఒక చెంబుడు చెలమ నీళ్ళు పట్టుకుని మండపానికి వెళ్ళింది. అన్న కూడా వెంట వెళ్ళాడు. చెల్లెలు ఎక్కడ నోరు జారుతుందోనని అతని భయం.

ఆమెకు ముందు తాతబ్బాయి అనే పడవవాడు కుండ బోర్లించి ఉన్నాడు. రేవు మెట్లు విరిగి చాలాకాలమైంది, ఎప్పుడు బాగుచేస్తారని అడిగాడు.

రాజు తరఫున పెద్దమంత్రి గంభీరంగా చెప్పాడు. "మెట్లు ఎక్కడానికీ దిగడానికీ ఎంతో ముఖ్యమైనవి. ఆ సంగతి ప్రభువులకు బాగా తెలుసు."

"అందింది ప్రభూ," అని తాతబ్బాయి కుండ తిప్పేసి, దాన్ని చంకన పెట్టుకుని వచ్చేశాడు.

మరిడమ్మకు వింతగా తోచింది. గొంతు తగ్గించి అడిగింది. "ఏం అందింది తమ్ముడూ?"

"ఏమో అక్కా! పెద్దవాళ్ళు మనకేసి చూసి మాట్లాడారు. అదే పదివేలు."

మరిడమ్మ వంతు వచ్చింది. కుండ బోర్లించి, రాజుకు దణ్ణం పెట్టింది.

"ప్రభూ, మా తూర్పుపల్లె చెలమలు ఉప్పెక్కాయి. ఎందుకెక్కాయో తెలుసుకుందామని వచ్చాను. మా పల్లెవాళ్ళు పడవలెక్కబోతున్నారు."

పెద్దమంత్రి చెయ్యి ఎత్తాడు. "ఇందులో ఆశ్చర్యమేముందమ్మా? సముద్రం ఉప్పు. అది పక్కనే ఉంది. కాబట్టి నీళ్ళు ఉప్పెక్కాయి. తప్పు సముద్రానిది. కుండ తిప్పు."

మరిడమ్మ తల వంచుకుని ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. తర్వాత మెల్లగా అంది. "సముద్రం మా తాత చిన్నప్పుడూ పక్కనే ఉందండి. అప్పుడెందుకు ఎక్కలేదు బాబూ?"

మంత్రి సముద్రం వైపు ఒకసారి చూశాడు. మరిడమ్మ కాసేపు ఆగి చూసి అంది. "ఇది నాకు అందలేదండి."

అక్కడున్న జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట ఆ మండపంలో అంతవరకూ ఎవరూ అనలేదు.

కోశాధికారి ముందుకొచ్చాడు. "నేను చెబుతాను. మీ పల్లెవాళ్ళు నీళ్ళు దుబారా చేస్తారు. అతిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. తప్పు మీదే. కుండ తిప్పు."

మరిడమ్మ దీన్నీ శ్రద్ధగా విని తలాడించింది. "అవును బాబూ, అలా కావొచ్చు. కానీ మా పల్లెలో చాలామంది వెళ్ళిపోయారు. తోడేవాళ్ళు తగ్గారు. తగ్గితే నీళ్ళు బాగుపడాలి కదండీ? మరి ఇంకా పాడవుతున్నాయే?"

కోశాధికారి తన ఉంగరం వైపు చూసుకున్నాడు.

"ఇదీ అందలేదండి."

ఆస్థాన పండితుడు లేచాడు. శాలువా సర్దుకున్నాడు. "ఓ అమాయకురాలా! తీపి, ఉప్పు అనేవి నీటిలో లేవు. నాలుకలో ఉన్నాయి. మనసు కలతపడితే నాలుక దోషం పుడుతుంది. దోషం నీ నాలుకది."

"అలాగా అయ్యగారూ! అయితే మీ నాలుకతో ఒక్కసారి చూసి చెప్పండి," అని మరిడమ్మ ఎంతో వినయంగా చెంబు అందించింది.

అందరి ముందూ కాదనలేక పండితుడు గుటకేశాడు. ముఖం ముడుచుకుపోయింది. దగ్గు వచ్చింది. శాలువా జారిపోయింది.

"ఎలా ఉన్నాయి అయ్యగారూ?"

పండితుడు కళ్ళు తుడుచుకుని, "ఉప్పే," అన్నాడు.

జనం నవ్వారు. రాజు కూడా పెదవి కొరికి నవ్వు ఆపుకున్నాడు. కానీ కుండ మాత్రం బోర్లాగానే ఉంది.

పొద్దెక్కింది. ఇసుక కాలుతోంది. కోటలో పొయ్యి వెలగలేదు. మంత్రుల కడుపుల్లో చప్పుళ్ళు మొదలయ్యాయి. వెనక వరుసల్లో సణుగుడు పెరిగింది.

"ఏమిటమ్మా నీ మొండితనం? పెద్దవాళ్ళని ఎండలో కూర్చోబెట్టి!"

"తిప్పేస్తే పోలా? అందరం ఇళ్ళకెళతాం!"

అప్పలకొండ వచ్చి చెల్లెలి చెవిలో అన్నాడు. "పరువు తీయకే తల్లీ. రాజుగారికి కోపమొస్తే వెళ్ళేదారి కూడా ఉండదు. తిప్పేసి రా."

మరిడమ్మ భయపడలేదని నేను చెప్పను. కుండ మీద చెయ్యి వేసింది కూడా. ఒక్క తిప్పు చాలు, అంతా అయిపోతుంది. కానీ ఇంటికెళ్ళాక నూకరత్నం, "రాజుగారేమన్నారత్తా?" అని అడిగితే ఏం చెప్పాలి? సముద్రం ఉప్పు అన్నారే అని చెప్పాలా?

చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు రాజు మొదటిసారి నోరు విప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"అమ్మా, నేను ఈ ఆసనమెక్కినప్పటినుంచీ అందరూ కుండ తిప్పారు. నువ్వొక్కదానివే తిప్పనంటున్నావు. ఎందుకు?"

"అందితే తిప్పుతాను ప్రభూ. అందకుండా తిప్పితే నష్టం మీకే కదా? మీ జవాబులన్నీ మాకు చేరాయనుకుని మీరు నిశ్చింతగా ఉండిపోతారు. మాకేమో చేరి ఉండవు."

రాజు ముందుకు వంగాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అయితే ఇన్నాళ్ళూ తిప్పినవాళ్ళకు... అందలేదా?"

అప్పుడు జనంలోంచి తాతబ్బాయి వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. చంకనున్న కుండ దించి, రాజు ఎదుట మళ్ళీ బోర్లించాడు.

"నాకూ అందలేదు ప్రభూ. మొగమాటపడి తిప్పాను."

అతని వెనక ఒక ముసలాయన లేచి ఇంటికి నడిచాడు, కుండ తెచ్చాడు. తర్వాత ఒక ఇల్లాలు. తర్వాత గుంపులు గుంపులుగా. చూస్తుండగానే ఇసుకంతా బోర్లించిన కుండలే. ఒడ్డుకు తాబేళ్ళు చేరినట్టు ఉంది.

పెద్దమంత్రి రాజు చెవిలో గుసగుసలాడాడు. "ప్రభూ, భటుల చేత అన్నీ తిప్పించేద్దాం. తిప్పిన కుండ ఎవరు తిప్పినా తిప్పినట్టే."

ఒక భటుడు అప్పుడే మరిడమ్మ కుండ మీదికి వంగాడు.

"ఆగు," అన్నాడు రాజు. "దాన్ని ముట్టుకోకు."

తర్వాత ఆయన తన ఒళ్ళోని చేతుల వైపు చూసుకున్నాడు. పరీక్షలో జవాబు రాని పిల్లవాడు చూసుకుంటాడే, అలాగ. ఆ తర్వాత తలెత్తి మరిడమ్మ వైపు చూశాడు.

"అమ్మా, మీ చెలమలు ఎందుకు ఉప్పెక్కాయో నాకు తెలియదు."

మంత్రులు తలలు పట్టుకున్నారు. రాజు తెలియదనడమా! కానీ మరిడమ్మ ముఖం వెలిగింది. వంగి, తన కుండను పూర్తిగా నిలబెట్టకుండా, పక్కకు వాల్చింది.

"ఇది సగం అందింది ప్రభూ. మిగతా సగం ఇక్కడ కూర్చుంటే దొరకదు. వచ్చి చూడండి."

ఆమెను చూసి మిగతావాళ్ళూ తమ కుండలను పక్కకు వాల్చారు. సగం వాల్చిన కుండకు ఏ నియమమూ లేదు. కాబట్టి రాజు ఆసనం దిగవచ్చు, కానీ కోటకు వెళ్ళకూడదని ఆయనే తీర్పు చెప్పుకున్నాడు. మరిడమ్మ కుండను అలాగే వాలుగా చంకన పెట్టుకుంది, అందరూ నడిచి తూర్పుపల్లె చేరారు. దారిలో పండితుడు మరిడమ్మ పక్కనే నడుస్తూ ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. ఉప్పునీళ్ళు తాగాక ఆయనకు నిజంగా తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది.

పల్లె చివర మూడు చోట్ల తవ్వారు. అంతవరకూ ఎవరూ చెలమ తవ్వని, ఎత్తు తగ్గని ఇసుకదిబ్బ కింద ఒకటి. దిబ్బ సగం తరిగిపోయిన చోట ఒకటి. దిబ్బ పూర్తిగా పోయి నేల చదునైన చోట ఒకటి. రాజు తనే దోసిలి పట్టి రుచి చూశాడు. మొదటిది తియ్యగా ఉంది. రెండోది ఉప్పూ తీపీ కాకుండా చప్పగా ఉంది. మూడోది నోట పెట్టుకోలేనట్టుగా ఉంది.

పండితుడు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ప్రభూ, అర్థమైంది! దిబ్బ వాననీటిని తాగి దాచుకుంటుంది. ఆ మంచినీరు తేలిక. ఉప్పునీరు బరువు. మంచినీరు పైన నిండుగా ఉన్నంతకాలం ఉప్పునీరు కిందే అణగి ఉంటుంది. దిబ్బ పోతే వాన నిలవదు. వాన నిలవకపోతే కిందిది పైకొస్తుంది!"

మీకు నమ్మకం కలగకపోతే ఇంట్లో చేసి చూడండి. ఒక గాజుగ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, రంగు కలిపిన మంచినీళ్ళను గరిటె వెనకవైపు మీదుగా మెల్లగా, చాలా మెల్లగా పొయ్యండి. రంగునీళ్ళు పైనే నిలుస్తాయి. అమ్మనడిగి చెయ్యండి సుమా.

"మరి ఈ దిబ్బలు ఏమైపోయాయి?" అన్నాడు రాజు.

పెద్దమంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ... తమరు కోట ముందు గుర్రాలు పరుగెత్తడానికి మెత్తటి తెల్లని మైదానం కావాలన్నారు. తెల్ల ఇసుక ఇక్కడే దొరికింది."

రాజు ముఖం పాలిపోయింది. ఆ మైదానం చూసి ఆయన ఎన్నిసార్లు మురిసిపోయాడో! ఆ ఇసుక ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు.

"మోసినవాళ్ళెవరో పట్టుకుని శిక్షిద్దాం ప్రభూ," అన్నాడు కోశాధికారి వెంటనే.

అప్పుడు అప్పలకొండ ముందుకొచ్చాడు.

"మోసింది నా పడవే ప్రభూ. పని దొరికిందని సంబరపడ్డాను. మా ఊరి దిబ్బ ఎందుకు తవ్వుతున్నారని నేనూ అడగలేదు."

మరిడమ్మ అన్న వైపు చూసింది. తిట్టాలనిపించింది. అన్నను చూస్తే తిట్టబుద్ధి కాలేదు. పక్కకొచ్చి నిలబడింది.

రాజు ఇసుక మీదే కూర్చుండిపోయాడు. "కోరింది నేను. ఎక్కడిదో తెలిసీ ఊరుకున్నది నా మంత్రులు. మోసింది పడవలు. శిక్షంటూ మొదలైతే నా దగ్గరే మొదలవ్వాలి," అన్నాడు.

అప్పుడు మరిడమ్మ తన కుండను నిలువుగా పెట్టింది. "ఇప్పుడు పూర్తిగా అందింది ప్రభూ."

పెద్దమంత్రి సంతోషంతో చేతులు జోడించాడు. "హమ్మయ్య! ఇక భోజనానికి వెళదాం."

"వెళ్ళండి బాబూ," అంది మరిడమ్మ. "తిని గంపలు తీసుకుని రండి. ఎందుకో తెలిసింది. ఇక చెయ్యడం మిగిలింది."

ఆ మాటకు అందరికన్నా ముందు నవ్వింది రాజే.

కోట ముందరి మైదానంలోంచి ఇసుక తిరుగు ప్రయాణం కట్టింది. అప్పలకొండ పడవలో కట్టిపెట్టిన సామాను దింపి ఇసుక ఎత్తారు. మంత్రులు కూడా గంపలు పట్టారు. కోశాధికారికి నడుము పట్టేసింది, పల్లెవాళ్ళే నూనె రాశారు. దిబ్బల మీద గాలికి ఇసుక ఎగరకుండా మొగలి మొక్కలు నాటారు. చెలమలు బాగుపడేదాకా కోటలో నిలవచేసిన వాననీళ్ళను పల్లెకు పంపారు. రాజూ అంతే కొలత తాగాడు.

ఒక్క వానకే అంతా బాగుపడిందని చెబితే మీరు నమ్మకూడదు. మొదటి వానాకాలం చెలమలు చప్పబడ్డాయి. ఆ తర్వాతి వానాకాలానికి తియ్యనయ్యాయి. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. కొందరు అక్కడే స్థిరపడిపోయారు. వాళ్ళ ఇళ్ళు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ఆలస్యంగా అడిగిన ప్రశ్నకు అదీ ఒక ఖరీదు.

రేవు మెట్లు మాత్రం ఆ నెలలోనే బాగయ్యాయి. మిగతా కుండలూ ఒక్కొక్కటే నిలబడ్డాయి.

తర్వాతి పున్నమికి మండపం మెట్లెక్కుతూ పెద్దమంత్రి రాజును రహస్యంగా అడిగాడు. "ప్రభూ, ఇవాళ కూడా జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే ఏం చెయ్యాలి?"

"తెలియదని చెప్పండి," అన్నాడు రాజు, చెప్పులు విప్పకుండానే పైకెక్కుతూ. "చెప్పి, నాలాగా నడవడానికి సిద్ధంగా ఉండండి."

పిల్లలూ, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని వెతకడం ఏలేవారి ధర్మం. జవాబు నిజంగా అందేదాకా, మర్యాద తప్పకుండా, అడుగుతూనే ఉండడం ప్రజల ధర్మం.